మా తమ్ముడికి న్యుమోనియా సూది వేయించేదెట్లా? స్కిజోఫ్రీనియా ఉండాది, ఒప్పుకోవడం లేదు (తిరపతి)

కొర్లగుంట అక్క – 12 ఆగస్టు, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా చదువుతా ఉండా గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమనుకోవద్దండి. మా తమ్ముడికి ముప్పై ఆరు. స్కిజోఫ్రీనియా వచ్చి పదిహేనేళ్ళు దాటింది, మొదట్లో గాలి సోకిందని మా నాయన గుణశీలం గుడి దాకా తీసకపోయినాడు, ఆమీట వేలూరు బాగాయం మానసిక ఆసుపత్రిలో చూపించి మాత్రలు మొదలుపెట్టినాము, ఇప్పుడు ఇక్కడే చూపిస్తా ఉండాము. క్లోజపిన్ అనే మాత్ర వాడతాడు. మనిషి బాగానే ఉండాడు, సాయంత్రమయితే అంగడికి పోయి పాలు తెస్తాడు, అమ్మకు కాళ్ళు పడతాడు, బీడీలే మానడు, రోజుకు రెండు కట్టలు.

పోయినేడు వానల్లో ఛాతీలో నిమ్ము చేరి తొమ్మిది దినాలు ఆసుపత్రిలో ఉండినాము, ఆక్సిజన్ పెట్టినారు. డిశ్చార్జి చేసేటప్పుడు ఊపిరితిత్తుల డాక్టరు ఫ్లూ టీకా ఏటేటా వెయ్యించండి, న్యుమోనియా టీకా కూడా వెయ్యించండి అని చీటీ రాసిచ్చినాడు. ఆ చీటీ ఫ్రిజ్ మీద అట్లే ఉండాది, పసుపు మరకలు కూడా పడినాయి. ఎన్ని సార్లు అడిగినా "సూదిలో ఏం పెడతారో నీకు తెలుసా" అంటాడు. కరోనా అప్పుడు కూడా ఒకటే డోసు పడింది, రెండోదానికి తీసకపోతే ఎండలో మూడు గంటలు లైను, మైకు గోల, ఆ పోలీసాయన విజిలు, ఇంగ వీడు పరిగెత్తినాడు చూడండి మెయిన్ రోడ్డు మీదికి, నా చెప్పులు యాడ పోయినాయో కూడా తెలీదు.

రెండు విషయాలు అడగల్ల. ఒకటి, ఈ టీకాలు క్లోజపిన్‌కి పడతాయా? రెండు, ఒప్పించేదెట్లా? తిట్టినా పర్వాలేదు, చెప్పండి.

పలమనేరు సీనన్న – 12 ఆగస్టు, రాత్రి 10:41

అమ్మా దీనికింత ఆలోచన ఎందుకు, బీ కాంప్లెక్స్ సూది, బలానికి అని చెప్పి వేయించెయ్. మా పక్కింట్లో అట్లే చేసినారు. ఇట్లాంటోళ్ళకు నిజం చెప్పి ఒప్పించాలంటే నీ జీవితం చాలదు.

నగరి నాగ – 12 ఆగస్టు, రాత్రి 10:50

[ఈ పోస్టు తీసేశాం.]

మోడరేటర్ – 12 ఆగస్టు, రాత్రి 11:05

నాగ గారూ, జబ్బు మీద జోకులు ఇక్కడ వద్దని ఇది రెండోసారి చెప్పడం. మూడోసారి చెప్పేది ఉండదు.

కొర్లగుంట అక్క – 13 ఆగస్టు, ఉదయం 6:20

సీనన్నా, మీరు మంచికే చెప్పినారని తెలుసు. మేం ఆ పని ఒకసారి చేసి అనుభవించినాము అన్నా. మొదట్లో మాత్రలు వేసుకోకుంటే అమ్మ పొడి చేసి సంగట్లో కలిపేది. ఒక దినం ముద్ద తుంచితే తెల్లగా కనపడింది. అంతే, ఎనిమిది నెలలు ఇంట్లో అన్నం ముట్టలేదు వాడు, బయట బన్ను, అరటిపండు, అదీ తొక్క వాడే తీసుకోవల్ల. "నాకు విషం పెడతా ఉండారు" అని వాడనుకునేది జబ్బు అని డాక్టర్లు చెప్పినారు, కానీ మేం నిజంగానే కలిపినాం కదా! వాడు చెప్పింది సగం నిజమే అయిపోయింది. ఇంగ నా చేతుల మీదుగా అబద్ధం చెప్పి సూది వేయించను.

పీజీ రెండో ఏడు – 13 ఆగస్టు, ఉదయం 7:48

డ్యూటీ దిగి రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది. సైకియాట్రీ పీజీ చేస్తున్నా, మీ తమ్ముడిని చూడలేదు కాబట్టి ఫైనల్ మాట మీ డాక్టర్‌దే.

క్లోజపిన్ వాడేవాళ్ళు ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించుకోవచ్చు, ఆ మాత్ర ఉందని టీకా ఆపాల్సిన పనిలేదు. నిజానికి వాళ్ళకే ఎక్కువ అవసరం. క్లోజపిన్ మీద ఉన్నవాళ్ళకి నిమ్ము చేరడం మామూలు కంటే ఎక్కువ, కారణాలు చాలా ఉన్నాయి, లాలాజలం ఎక్కువ ఊరి నిద్రలో ఊపిరితిత్తుల్లోకి పోవడం ఒకటి, మత్తు ఒకటి, పైన బీడీలు. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, చెయ్యి నొప్పి ఉండొచ్చు. జ్వరం ఎక్కువగా ఉన్నా, గొంతు నొప్పి ఉన్నా, మనిషి మరీ మత్తుగా అయినా "టీకా జ్వరంలే" అని వదిలెయ్యకుండా రక్తపరీక్ష చేయించండి, ఎందుకంటే క్లోజపిన్ వల్ల రక్తంలో తెల్లకణాలు తగ్గినా జ్వరమే వస్తుంది.

ఒకటి అడుగుతా. ఆసుపత్రిలో ఉన్న ఆ తొమ్మిది రోజుల్లో మనిషి మరీ మత్తుగా, చొంగ కార్చుకుంటూ ఉన్నాడా?

కొర్లగుంట అక్క – 13 ఆగస్టు, ఉదయం 8:02

అవును సార్!! దిండు తడిసి పోయేది, లేపితే గానీ లేచేవాడు కాదు. నిమ్ము వల్ల నీరసం అనుకున్నాము.

పీజీ రెండో ఏడు – 13 ఆగస్టు, ఉదయం 8:15

రెండూ కలిసొచ్చి ఉంటాయి. ఒంట్లో ఇన్ఫెక్షన్ గట్టిగా ఉన్నప్పుడు లివర్ క్లోజపిన్‌ని విరగ్గొట్టడం తగ్గుతుంది, రక్తంలో మందు పెరుగుతుంది. బీడీ పొగ వల్ల మామూలుగా ఆ మందు త్వరగా ఖర్చయిపోతూ ఉంటుంది, వార్డులో బీడీలు ఒక్కసారిగా ఆగిపోయేసరికి అదే డోసు ఎక్కువైపోతుంది (మందుని ఖర్చు చేసేది నికోటిన్ కాదు, పొగ. బీడీ బదులు నికోటిన్ చూయింగ్ గమ్ నమిలినా మందు పెరగడం ఆగదు). అందుకే ఇంకోసారి అడ్మిట్ చేయాల్సి వస్తే "బీడీలు ఇన్ని తాగుతాడు, క్లోజపిన్ ఇంత వాడతాడు" అని మొదటి గంటలోనే చెప్పండి. అడ్మిట్ అయ్యేదాకా రాకుండా ఉండడానికే ఈ టీకా.

కరోనా మొదటి ఏడాది న్యూయార్క్‌లో 7,348 మంది పేషెంట్లను చూసిన ఒక స్టడీ ఉంది, వయసు, షుగరు, గుండె జబ్బు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా స్కిజోఫ్రీనియా వర్గం జబ్బులున్న వాళ్ళకి చనిపోయే ముప్పు దాదాపు 2.7 రెట్లు వచ్చింది. వయసు తర్వాత అంత పెద్ద కారణం ఇంకోటి లేదు ఆ లెక్కలో. డిప్రెషన్, ఆందోళన లాంటి వాటికి అలా రాలేదు.

వకీలు చంద్రగిరి – 13 ఆగస్టు, ఉదయం 10:30

మరి అంత ముప్పున్నప్పుడు బలవంతంగానైనా వెయ్యాలి కదా అని ఎవరో ఒకరు అంటారు, నేనే ముందు చెప్తున్నా, కుదరదు. 2022 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది, టీకా వేసుకోమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు, ఒంటి మీద హక్కు ఆ మనిషిదే అని. జబ్బున్నంత మాత్రాన ఆ మాట మారదు. మానసిక ఆరోగ్య చట్టం, 2017 ది, అది కూడా మొదలుపెట్టడమే మనిషికి తన వైద్యం గురించి నిర్ణయించుకునే శక్తి ఉందనే నమ్మకంతో మొదలుపెడుతుంది, లేదనేవాళ్ళే చూపించుకోవాలి. మతిస్థిమితం లేదు కాబట్టి సంతకం నేను పెడతా అని అన్నలు బావలు ముందుకొచ్చేస్తారే, అది అంత తేలిక కాదు.

పలమనేరు సీనన్న – 13 ఆగస్టు, ఉదయం 10:52

చట్టం చెప్పేవాడెవడూ రాత్రి ఆక్సిజన్ సిలిండరు కోసం తిరగడు వకీలు సార్.

లిథియం రాజా – 13 ఆగస్టు, మధ్యాహ్నం 1:17

పొద్దుట్నించి చూస్తన్నా, అందరూ "వాళ్ళు" "ఇట్లాంటోళ్ళు" అని మాట్లాడతన్నారు, నేను ఆ వాళ్ళలో ఒకణ్ణి. బైపోలార్ (ఉత్సాహం, దిగులు మారి మారి ముంచేసే జబ్బు) వచ్చి ఇరవై రెండేళ్ళు, ఊరు చిత్తూరు, ఇద్దరు పిల్లలు, ఒక లోను, మామూలు బతుకే.

నాది వినండి. 2021 మార్చి 1న 45 దాటినోళ్ళకు వేరే జబ్బులుంటే టీకా మొదలుపెట్టినారు గుర్తుందా, అప్పుడు నాకు నలభై ఆరు. 20 జబ్బుల లిస్టు ఇచ్చినారు, గుండె, కిడ్నీ, షుగరు బీపీ, ఇంకా చాలా. నా జబ్బు లేదు, స్కిజోఫ్రీనియా లేదు. బుద్ధిమాంద్యం లాంటి వైకల్యాలు మటుకు ఉండాయి. ఏప్రిల్ 1న 45 దాటినోళ్ళందరికీ అన్నాక పోయి వేయించుకున్నా. ఒక నెలే కదా అంటారు, ఆ నెల ఎట్లాంటి నెలో అందరికీ తెలుసు. అదే ఇంగ్లండులో మొదట్నించీ తీవ్ర మానసిక జబ్బు ఉన్నోళ్ళని ఆరో వరుసలో పెట్టినారు, 65 దాటిన ముసలోళ్ళ వెనకాలే. అమెరికా వాళ్ళ లిస్టులోకి కూడా డిప్రెషన్, స్కిజోఫ్రీనియా 2021 అక్టోబర్లోనే వచ్చినాయి, కాబట్టి మనోళ్ళే వెనకబడినారని కూడా అనలేను.

సెంటర్లో (పేరు వద్దులే) ఫారం నింపే పిల్ల "ఏమన్నా మందులు వాడతారా" అనింది, లిథియం అన్నా, "అదేం జబ్బుకి" అనింది, చెప్పినా. ఆ పిల్ల పెన్ను ఆపి వెనకున్న ఆయన్ని చూసింది. ఆయన "మీతో ఎవరన్నా వచ్చినారా సార్" అన్నాడు. వెనక లైన్లో మా ఆఫీసు వాళ్ళు నలుగురుండారు. ఒప్పుకోవడం లేదు ఒప్పుకోవడం లేదు అంటారే, ఆ రోజు నేను లేచి వచ్చేసుంటే నన్ను కూడా "ఒప్పుకోనోడు" లెక్కలోనే రాసుకునేటోళ్ళు.

అక్కా, మీ తమ్ముడు "సూదిలో ఏం పెడతారో తెలుసా" అని అడిగినాడు కదా. మీరు జవాబు చెప్పినారా?

కొర్లగుంట అక్క – 13 ఆగస్టు, మధ్యాహ్నం 1:40

లేదన్నా. నిజంగా లేదు. "ఏం పెడతారు, మందు పెడతారు" అని కసిరినా.

బైరాగిపట్టెడ బుజ్జి – 13 ఆగస్టు, మధ్యాహ్నం 2:05

2021 లో మా అపార్ట్‌మెంట్ వాట్సప్ గ్రూపులో రిటైర్డు హెడ్మాస్టరు గారు సూదిలో చిప్ ఉందని, సూది వేసిన చోట అయస్కాంతం అంటుకుంటుందని వీడియోలు పెట్టేవాడు రోజూ. ఆయన్ని ఎవరూ ఆసుపత్రికి తీసుకుపోలేదు. ఆ మాటే ఈ అక్క తమ్ముడు అంటే జబ్బు ముదిరింది అంటాం.

లిథియం రాజా – 13 ఆగస్టు, మధ్యాహ్నం 2:11

😂 😂 అదీ పాయింటు. హెడ్మాస్టరుది అభిప్రాయం, మాది లక్షణం.

పీజీ రెండో ఏడు – 13 ఆగస్టు, సాయంత్రం 5:30

రాజా గారు అన్నది గట్టిగా తగిలింది. ఒక మాట ఒప్పుకోవాలి. మా ఓపీలో రోజుకి వంద మంది దాకా వస్తారు, నిద్ర పడుతోందా, మాటలు వినిపిస్తున్నాయా, మాత్ర మానేశావా, ఇవే అడుగుతాం. టీకా గురించి నేను ఒక్క పేషెంటుని అడగలేదు, నిన్న రాత్రి ఈ థ్రెడ్ చదివేదాకా. ఛాతీ డాక్టరు చీటీ రాసి మా పని అయిపోయిందనుకుంటారు, మేం అది మెడిసిన్ వాళ్ళ పని అనుకుంటాం, మధ్యలో చీటీ ఫ్రిజ్ మీద ఉంటుంది. విదేశాల్లో చూసిందీ ఇదే, టీకాని మానసిక ఆసుపత్రిలోనే, తెలిసిన నర్సు చేత్తోనే, ముందు కూర్చోబెట్టి చెప్పి వేస్తే వేసుకుంటారు. బెల్జియంలో ఒక ఆసుపత్రిలో కరోనా టీకా అలా ఇస్తే నూటికి తొంభై మందికి పైగా వేసుకున్నారు. వీళ్ళు ఒప్పుకోరు అనేది మనం చెప్పుకునే సాకు చాలా వరకు.

రాజా గారూ, మీకు కూడా ఒకటి. లిథియం మీద ఉన్నప్పుడు టీకా జ్వరం వస్తే నీళ్ళు బాగా తాగాలి, ఒళ్ళు ఎండిపోతే లిథియం పెరుగుతుంది. నొప్పికి పారాసెటమాల్ మాత్రమే, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి షాపులో అడిగి వేసుకోవద్దు.

లిథియం రాజా – 13 ఆగస్టు, సాయంత్రం 5:44

ఇరవై రెండేళ్ళలో డైక్లో సంగతి నాకు చెప్పిన రెండో మనిషి మీరు సార్. మొదటాయన పుత్తూరులో కట్టు కట్టినాయన, "నీ మాత్రలేవో చూపించు నాయనా" అని అడిగి నొప్పి మాత్ర ఇయ్యకుండా పంపించినాడు, నమ్ముతారో లేదో.

ఏఎన్ఎం సరోజ – 13 ఆగస్టు, రాత్రి 9:25

నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, సచివాలయం వచ్చాక ఇప్పుడు పల్లె కాదు, టౌను. కరోనా అప్పుడు మాకు ఇంటింటి లిస్టు ఇచ్చారు. మా పరిధిలో మూడిళ్ళు, ప్రతిసారీ ఇంటి మనుషుల లెక్క ఒకటి తక్కువ వచ్చేది. రేషన్ కార్డులో అయిదుగురు, గడపలో నలుగురు. అయిదో మనిషేరమ్మా అంటే "ఊళ్ళో లేదు" అంటారు. వెనక గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతుంటుంది. ఒకింట్లో తల్లి నన్ను పక్కకి పిలిచి, "పెద్దదాని పెళ్ళి చూపులున్నాయి, దాని పేరు ఆ రిజిస్టర్‌లో ఎక్కించొద్దు" అని నా చెయ్యి పట్టుకుంది. ఏం చెప్పాలి చెప్పండి. వయసు 29 ఆ పిల్లకి. రిజిస్టర్‌లో జబ్బు పేరు రాసే గడే లేదమ్మా, పేరు, వయసు, ఆధార్ అంతే అని చూపించాక, సాయంత్రం దీపాలు పెట్టేవేళకి ఎవరూ లేనప్పుడు రమ్మన్నారు. వెళ్ళి వేశాను. ఆ పిల్ల ఏమీ పేచీ పెట్టలేదు, చెయ్యి చాపింది. "బయట ఇంకా జనాలు మాస్కులు పెట్టుకుంటున్నారా" అని అడిగింది.

పేచీ పెట్టేది జబ్బున్న మనిషి అని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో సగం ఇళ్ళలో ఆ మనిషిని అడగనే లేదు, "వాడు బయటికే రాడు కదా, వాడికెందుకు" అని ఇంట్లోవాళ్ళే తేల్చేశారు. బయట తిరిగి ఇంటికి జ్వరం మోసుకొచ్చేది వాళ్ళే.

రోడ్ల మీద ఉండేవాళ్ళది ఇంకో కథ. 2021 మే 6న ఢిల్లీ నించి ఆర్డరు వచ్చింది, ఆధార్ ఫోను లేకపోయినా వెయ్యొచ్చని, సాధువులు, బిచ్చగాళ్ళు, మానసిక ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళు అందరి పేర్లూ అందులో ఉన్నాయి. తిరుపతిలో అలాంటి వాళ్ళు ఎంతమందో మీకు తెలుసు, ఎక్కడెక్కడి నించో కొండకి వచ్చి, దారి తప్పో, ఇంటివాళ్ళు వదిలేస్తేనో ఇక్కడే ఉండిపోతారు. ఆర్డరు వచ్చింది కానీ వాళ్ళని కూర్చోబెట్టి, పేరు అడిగి, రెండో డోసుకి మళ్ళీ 84 రోజులకి అదే మనిషిని వెతికి పట్టుకునేది ఎవరు? బస్టాండు దగ్గర ఒకావిడ ఉండేది, నా చేత్తోనే మొదటి డోసు వేశాను. రెండోదానికి వెళ్తే ఆ చోట ఇంకొకరున్నారు.

కొర్లగుంట అమ్మా, పెద్దవాళ్ళ ఫ్లూ సూది, న్యుమోనియా సూది మా దగ్గర ఉండవు, మాకు పిల్లలకే, పెద్దవాళ్ళకి టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా సూది) ఉంటుంది. బయట కొనాలి. కొని ఫ్రిజ్ నించి నేరుగా వేసే చోటికి తీసుకుపోవాలి, ఐసు ప్యాకు పెట్టి, గడ్డ కట్టకూడదు. సంచిలో వేసుకుని బజారంతా తిరగొద్దు.

పలమనేరు సీనన్న – 13 ఆగస్టు, రాత్రి 9:58

సరోజమ్మా చేతులెత్తి దండం.

రేణిగుంట బాబు – 14 ఆగస్టు, ఉదయం 7:10

అందరూ ఒప్పించాలి ఒప్పించాలి అంటున్నారు, టైము ఉన్నప్పుడు సరే. మా చిన్నాయనకు కూడా ఇదే జబ్బు, రైల్వే గేటు కాడ కుక్క కరిచింది పోయినేడు. ఆయన చెప్పడు కదా. రెండో దినం లుంగీ మీద రక్తం చూసి అడిగితే "ముల్లు గీసుకునింది" అంటాడు, నాలుగు పండ్ల గాట్లు కనపడతా ఉండాయి. కుక్క సూది అంటే ఒకటి కాదు, ఆ దినం, మూడో దినం, ఏడో దినం, ఇరవై ఎనిమిదో దినం, నాలుగు సార్లు రెండు చేతులకీ చర్మంలో వేస్తారు. గాయం చుట్టూ వేరే మందు కూడా వేసినారు. ఏడో దినం "రాను పో" అని మంచం కోడు పట్టుకున్నాడు. రేబిస్ మొదలయిందంటే బతకరు అని అందరికీ తెలుసు. అప్పుడు మీరయితే ఏం చేస్తారు వకీలు సార్?

వకీలు చంద్రగిరి – 14 ఆగస్టు, ఉదయం 7:55

నిజంగా అడిగారు కాబట్టి నిజంగా చెప్తా. ప్రాణం పోయే అత్యవసరం వేరే సంగతి, చట్టం కూడా దాన్ని వేరుగానే చూస్తుంది. నేనయితే నలుగురు మనుషుల్ని పిలిచేముందు డాక్టర్ని పిలుస్తా. మీరేం చేశారు చివరికి?

రేణిగుంట బాబు – 14 ఆగస్టు, ఉదయం 8:20

ఏం చేసేది, ఆయన మాట వినేది ఒకే మనిషి, టీ అంగడి ఖాదర్ బాయి. ఆయన్ని పిలుచుకొచ్చినా. బాయి వచ్చి మంచం మీద కూర్చుని "ఏమప్పా, రెండు వేయించుకున్నావంట కదా, మిగతా రెండూ వేయించుకోకుంటే ఆ రెండూ దండగే కదా" అన్నాడు. అంతే. చెప్పులేసుకుని బయల్దేరినాడు. మేము చచ్చిపోతావు చచ్చిపోతావు అని గంటసేపు మొత్తుకుంటిమి, ఆయనకు దండగయితాదంటే బాధేసింది. టీ డబ్బులు మాత్రం నాతోనే కట్టించినాడు.

ఇంకోటి, గాయం కనపడగానే సబ్బేసి కొళాయి కింద పదిహేను నిమిషాలు కడగండి, పసుపు కారం పెట్టొద్దు.

లిథియం రాజా – 14 ఆగస్టు, ఉదయం 8:33

ఖాదర్ బాయికి ఎంబీబీఎస్ ఇచ్చేయొచ్చు.

మందులషాపు మురళి – 14 ఆగస్టు, రాత్రి 10:40

షాపు మూసి రాస్తా ఉండా. అక్కా, ఫ్లూ టీకాకి ఏటా కొత్త స్టాకు వస్తుంది, వైరస్ మారుతుంటుంది కాబట్టి పోయినేడాది వేసుకున్నా ఈ ఏడాది మళ్ళీ వేసుకోవాల్సిందే. మనకి వానలు మొదలయ్యే ముందు వేసుకుంటే మేలు, ఇప్పటికైనా మించిపోలేదు, మనకి అక్టోబర్ నవంబర్ వానలు కూడా ఉన్నాయి కదా. న్యుమోనియాది ఒక రకం కాదు, కొన్నిటికి ఒకటి వేసి ఏడాది తర్వాత ఇంకోటి వేస్తారు, మీ డాక్టరు చీటీలో ఏది రాశారో ఫోటో పెట్టండి (పేరు కనపడకుండా). ఖరీదే, అబద్ధం చెప్పను, ఫ్లూది వెయ్యి దాటుద్ది, న్యుమోనియాది వేలల్లో.

మీ తమ్ముడికి సూదిలో ఏముందో చూడాలనుంటే షాపుకి తీసుకురండి. మధ్యాహ్నం మూడింటికి ఖాళీగా ఉంటాది. పెట్టె ఇస్తా, లోపల కాగితం ఇస్తా, ఎక్స్‌పైరీ చూసుకోమనండి. నాకు రోజూ మామూలు మనుషులే వచ్చి ఎక్స్‌పైరీ చూసుకోకుండా మింగేస్తుంటారు, చూసుకునేవాడొకడు వస్తే నాకు సంతోషమే.

బెంగుళూరు భాను – 15 ఆగస్టు, ఉదయం 9:12

మా అమ్మకి మానసిక జబ్బుకి నెలనెలా ఇంజెక్షన్ ఉంటుంది, మాత్రలు మింగదని. ఆ ఇంజెక్షన్ వేసే నర్సుతో మాట్లాడి అదే రోజు ఫ్లూది కూడా వేయించా, అది నడుము కింద, ఇది భుజానికి. వేరే రోజు వేరే చోటికి తీసుకెళ్ళాలంటే అయ్యే పని కాదు. ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నా.

పీజీ రెండో ఏడు – 15 ఆగస్టు, ఉదయం 11:00

ఇది చాలా మంచి ఐడియా. మా యూనిట్‌లో సోమవారం ఈ ఇంజెక్షన్ పేషెంట్లే వస్తారు, మేడంని అడిగి చూస్తా, అదే రోజు టీకా సంగతి కూడా అడిగేలా ఓపీ చీటీ మీద ఒక స్టాంపు కొట్టించమని. ఒప్పుకుంటారో లేదో.

కొర్లగుంట అక్క – 6 సెప్టెంబర్, రాత్రి 9:50

అందరికీ మళ్ళీ నమస్కారం. జరిగింది చెప్తా.

రాజా అన్న అడిగినాక నాకు సిగ్గేసింది. మరుసటి దినం తమ్ముడి దగ్గర కూర్చుని "సూదిలో ఏం పెడతారో నాకూ సరిగా తెలీదురా, తెలుసుకుందామా" అన్నా. వాడు నా పక్క చూసి బీడీ ఆర్పినాడు, అట్లా ఎప్పుడూ ఆర్పడు. మురళి గారి షాపు మాకు దూరం, మా వీధి చివర షాపాయన్నే అడిగినా, ఆయన కూడా మంచోడే, పెట్టె చేతికిచ్చినాడు. లోపల కాగితం ఇంగ్లీషులో చిన్న చిన్న అక్షరాలు. వీడు డిగ్రీ రెండో ఏడు దాకా చదివినాడు కదా, అరగంట నిలబడి చదివినాడు. గుడ్డు అని ఉంది, గుడ్డులో పెంచుతారంట కదా ఆ వైరస్‌ని, దాన్ని చంపి ముక్కలు చేసి పెడతారంట. "చచ్చిందేనా" అని మూడు సార్లు అడిగినాడు. ఆయన అవునబ్బా అన్నాడు.

ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. నాలుగు దినాలు పోయినాక అన్నం తింటా అన్నాడు, "అమ్మకు ముందు వెయ్యించు, ఒక వారం చూస్తా". మా అమ్మకు అరవై ఏడు, షుగరు. నేను వాడి ఊపిరితిత్తుల గురించే ఏడాదిగా ఏడుస్తా ఉండా గానీ అమ్మకు వేయించాలనే తట్టలేదు చూడండి! అమ్మకు వేయించినాము. వారం దినాలూ పొద్దున్నే లేచి అమ్మ చెయ్యి తిప్పి తిప్పి చూసినాడు, అయస్కాంతం కూడా పెట్టి చూసినాడు ఫ్రిజ్ మీద ఉండేది. అది పడిపోయింది. 😀

మొన్న మంగళవారం మధ్యాహ్నం క్లినిక్‌లో ఎవరూ లేనప్పుడు పోయినాము. నర్సమ్మ "ఏ చెయ్యి నాయనా" అని అడిగింది. ఎడమ అన్నాడు, కుడి చేత్తో బీడీ ముట్టించుకోవల్లంట. ఫ్లూది అయిపోయింది. జ్వరం రాలేదు, చెయ్యి కొంచెం నొప్పనిచ్చింది, అంతే. న్యుమోనియాది అడిగితే "ఒక్కోటి ఒక్కో నెల" అన్నాడు. సరే అన్నా. వచ్చే నెల ఏమంటాడో తెలీదు.

బీడీలు మటుకు అట్లే ఉండాయి.

ఏఎన్ఎం సరోజ – 6 సెప్టెంబర్, రాత్రి 10:05

చాలా సంతోషం అమ్మా. తారీకు, టీకా పేరు, బ్యాచ్ నంబరు మాత్రల ఫైల్లోనే రాసి పెట్టుకోండి, విడి కాగితం మీద వద్దు, అది మళ్ళీ ఫ్రిజ్ మీదికే పోతుంది.

లిథియం రాజా – 6 సెప్టెంబర్, రాత్రి 10:12

ఒక వారం చూస్తా అన్నాడంటే మీ తమ్ముడు నాకంటే శాస్త్రవేత్త అక్కా. నేను కళ్ళు మూసుకుని వేయించుకున్నా.

పీజీ రెండో ఏడు – 6 సెప్టెంబర్, రాత్రి 11:30

స్టాంపుకి మేడం ఒప్పుకున్నారు. స్టాంపు ఇంకా రాలేదు, పెన్నుతో రాస్తున్నా. రెండు సోమవారాల్లో నలభై ఒక్క మందిని అడిగాను, మొహమాటం లేకుండా వద్దన్నవాళ్ళు అయిదుగురు. మిగతావాళ్ళలో ఎక్కువమంది అడిగింది ఒకటే, డబ్బెంత అని. దానికి నా దగ్గర జవాబు లేదు, ప్రభుత్వ సరఫరాలో పెద్దవాళ్ళకి ఇవి లేవు.

పలమనేరు సీనన్న – 7 సెప్టెంబర్, ఉదయం 6:02

ఒక డౌటు. నాకు అరవై మూడు, షుగరు ఉంది, చుట్ట మానేసి రెండేళ్ళయింది. ఇవి నేనూ వేయించుకోవల్లనా? మురళీ, నీ షాపు యాడుండేది, రెండిటికీ కలిపి ఎంతవుద్దో కొంచెం చెప్పు నాయనా.

మందులషాపు మురళి – 7 సెప్టెంబర్, ఉదయం 9:15

మెసేజ్ పెట్టినా అన్నా, చూసుకోండి. షుగరు ఉంటే మీకూ అవసరమే, డాక్టరు చీటీ మాత్రం తీసుకురండి.